డివిజన్

డివిజన్ అనునది విడదీయుట, పంచుట, పంచగా ఏర్పడిన భాగము అను అర్థాలు గల ఆంగ్ల పదము. తెలుగులో దీనికి సందర్భాన్ని బట్టి విభజన, విభాగము, భాగహారము, పంపకము, శ్రేణి వంటి పదాలు వాడతారు. పరిపాలనలో మాత్రం ఆంగ్ల పదమే యథాతథంగా స్థిరపడినది. ఈ పదానికి చేసే పని, ఆ పని వలన మిగిలిన భాగం అని రెండు ముఖాలున్నాయి. భూమిని పంచుట ఒక విభజన. జిల్లాలో ఒక భాగమైన రెవెన్యూ డివిజన్ ఆ పని ఫలితంగా ఏర్పడినది. ఈ వ్యాసంలో పదానికి గల ముఖ్యమైన అర్థాలు, అవి తెలుగు ప్రాంతంలో ఎలా అమలులో ఉన్నవి అన్న విషయాలు వివరించబడినవి. పలు చోట్ల తెలంగాణ రాష్ట్రము, వరంగల్ జిల్లాలోని వర్ధన్నపేట ఉదాహరణగా తీసుకొనబడినది. ఒకే ఊరు ఎన్ని రకాల విభజనలలో భాగం కాగలదో చెప్పుటకు ఇది అనువైన ఉదాహరణ.

పద చరిత్ర

ఆంగ్ల పదానికి మూలం విడదీయుట అను అర్థం గల లాటిన్ క్రియ. తెలుగులో వాడే "విభజన" సంస్కృతం నుండి వచ్చినది. "భజ్" ధాతువుకు "వి" ఉపసర్గ చేరగా విభజన, విభాగము, విభక్తి అను మాటలు ఏర్పడినవి. వ్యాకరణంలోని విభక్తి, ఆస్తిలోని భాగము, లెక్కలలోని భాగహారము అన్నియు ఒకే ధాతువు సంతానమే.

అచ్చ తెలుగులో ఇందుకు "పాలు" అను పదం ఉన్నది. పాలు అనగా వాటా. ఆస్తిలో పాలు పంచుకొనువారు "పాలివారు". తెలంగాణ పల్లెలలో దాయాదులను "పాలోళ్ళు" అని పిలుచుట నేటికీ వాడుకలో ఉన్నది. అన్నదమ్ములు పొత్తు విడిచి వేరు కాపురాలు పెట్టుటను "వేరుపడుట" అంటారు. "పంపకం", "వాటా", "భాగం" అను మాటలు కూడా ఇదే కోవకు చెందినవి. ప్రేమించినవారు దూరమగుటకు "ఎడబాటు", "వియోగము" అను పదాలున్నాయి గాని, ఆ అర్థంలో డివిజన్ అను మాట వాడరు.

గణితము

గణితంలో డివిజన్ అనగా భాగహారము. కూడిక, తీసివేత, గుణకారములతో కలిసి ఇది నాలుగు ప్రాథమిక పరిక్రియలలో ఒకటి. భాగించబడే సంఖ్యను విభాజ్యము, భాగించే సంఖ్యను విభాజకము, వచ్చిన ఫలితాన్ని భాగఫలము, మిగిలినదానిని శేషము అంటారు. వీటి మధ్య సంబంధం:

విభాజ్యము = (విభాజకము × భాగఫలము) + శేషము

శేషము ఎప్పుడూ విభాజకము కంటే తక్కువగా ఉండవలెను. సున్నతో భాగించుట నిర్వచింపబడలేదు. 9వ శతాబ్దికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు సున్నతో భాగించినచో సంఖ్య మారదని భావించాడు. ఇది తర్వాతి గణితంలో నిలువలేదు. ఆయన రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా ఇది పేరొందినది.

వ్యావహారిక జీవితంలో భాగహారము అవసరం ఎక్కువగా కనిపించేది భూమి పంపకంలోనే. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఒక కుటుంబానికి 3 ఎకరాల 10 గుంటల భూమి ఉన్నదనుకొన్నచో అది 130 గుంటలు. తండ్రి, ముగ్గురు కొడుకులు కలిపి 4 వాటాలు వేసినచో ఒక్కొక్కరికి 32½ గుంటలు వచ్చును. కూతురికి కూడా సమాన వాటా ఇచ్చి 5 వాటాలు వేసినచో ఒక్కొక్కరికి 26 గుంటలు వచ్చును. రెండు లెక్కలకు మధ్య తేడా ఒక్కొక్కరికి ఆరున్నర గుంటలు. ఈ లెక్కలో విభాజకం 4 కావలెనా, 5 కావలెనా అన్నది నిర్ణయించేది గణితం కాదు, చట్టము. ఆ చట్టము ఎలా మారినదో దిగువ "ఆస్తి విభజన" శీర్షికలో చూడవచ్చును.

జీవశాస్త్రము

జీవకణం రెండుగా లేక అంతకంటె ఎక్కువగా విడిపోవుటను కణ విభజన అంటారు. ఇది ప్రధానంగా రెండు విధములు.

సమవిభజన: ఒక కణం నుండి అదే సంఖ్యలో క్రోమోజోములు గల రెండు పిల్లకణాలు ఏర్పడును. శరీర పెరుగుదల, గాయాలు మానుట దీని వలననే జరుగును. మానవ శరీర కణంలో 46 క్రోమోజోములుండగా, ఏర్పడిన రెండు కణాలలోనూ 46 చొప్పున ఉండును. ఇందు ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అను నాలుగు దశలున్నాయి. పాఠశాలల్లో ఉల్లివేరు కొనను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి ఈ దశలను చూపుట పరిపాటి.

క్షయకరణ విభజన: బీజకణాలు ఏర్పడునపుడు క్రోమోజోముల సంఖ్య సగమగును. మానవులలో 46 నుండి 23కు తగ్గును. స్త్రీ, పురుష బీజకణాలు కలిసినప్పుడు మరల 46 అగును.

గణితంలో విభజన వలన పరిమాణం తగ్గును. కణ విభజన వలన సంఖ్య పెరుగును, జీవి ఎదుగును. ఒకే పదానికి ఇట్లు దాదాపు ఎదురెదురు ఫలితాలు గల అర్థాలుండుట గమనించదగినది.

పరిపాలన

నిజాం కాలపు సుబాలు

హైదరాబాదు సంస్థానంలో కొన్ని జిల్లాలను కలిపి సుబాగా ఏర్పరచేవారు. ఆంగ్ల పత్రాలలో సుబాను డివిజన్ అని వ్రాసేవారు. వరంగల్ సుబా అట్టి వాటిలో ఒకటి. 1905 నాటి పునర్వ్యవస్థీకరణ తర్వాత ఇందులో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలుండేవి. సుబా అధికారిని సుబేదారు అనేవారు. హనుమకొండలో ఆ అధికారి ఉన్న ప్రాంతానికి సుబేదారి అను పేరు నేటికీ నిలిచి ఉన్నది. సుబాలో డివిజన్ అనగా పలు జిల్లాల సముదాయం కాగా, నేటి రెవెన్యూ డివిజన్ జిల్లాలో ఒక ముక్క మాత్రమే. పాత పత్రాలు చదువువారు ఈ తేడాను గమనించవలెను.

రెవెన్యూ డివిజన్

జిల్లాకు, మండలానికి మధ్యనున్న పరిపాలనా విభాగమును రెవెన్యూ డివిజన్ అంటారు. దీనికి అధిపతి రెవెన్యూ డివిజనల్ అధికారి (ఆర్డీఓ). ఐ.ఏ.ఎస్. అధికారి ఆ పదవిలో ఉన్నచో సబ్ కలెక్టరు అని వ్యవహరిస్తారు. ఈ అధికారి సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు కూడా. 1985లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం తాలూకాలను రద్దుచేసి మండల వ్యవస్థను ప్రవేశపెట్టిన తర్వాత డివిజన్ క్రింద నేరుగా మండలాలే వచ్చినవి.

వర్ధన్నపేట మండలం వరంగల్ రెవెన్యూ డివిజన్‌లో ఉన్నది. నేటి వరంగల్ జిల్లాలో వరంగల్, నర్సంపేట అను రెండు రెవెన్యూ డివిజన్లు, 13 మండలాలు ఉన్నాయి.

ఇతర శాఖల డివిజన్లు

పోలీసు, అటవీ, నీటిపారుదల, రోడ్లు భవనాలు, విద్యుత్తు, తపాలా, రైల్వే శాఖలు దేనికది తన డివిజన్లను ఏర్పరచుకొన్నవి. వీటి హద్దులు రెవెన్యూ డివిజన్ హద్దులతో కలియవలెనన్న నియమం లేదు.

పోలీసు: వర్ధన్నపేట పేరుతోనే ఒక పోలీసు డివిజన్ ఉన్నది. ఇది వరంగల్ పోలీసు కమిషనరేట్‌లో భాగం. దీనికి సహాయ కమిషనరు (ఏసీపీ) అధిపతి. అనగా రెవెన్యూ లెక్కలో వర్ధన్నపేట మరొక డివిజన్‌లో మండలము మాత్రమే కాగా, పోలీసు లెక్కలో అదే డివిజన్ కేంద్రము.

రైల్వే: 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. వరంగల్, కాజీపేట స్టేషన్లు సికింద్రాబాద్ డివిజన్‌లో ఉన్నాయి. 2019లో విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించబడినపుడు విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు అందులో చేరవలసినవిగా నిర్ణయించబడినవి.

తపాలా: పిన్‌కోడు జిల్లా హద్దులతో పాటు మారదు. ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలైనను ఆ ప్రాంతపు పిన్‌కోడ్లు మునుపటి వలెనే 506తో మొదలగుచున్నవి.

విద్యుత్తు: ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం హనుమకొండలో ఉన్నది. సంస్థ పరిధి సర్కిళ్ళు, డివిజన్లు, సబ్ డివిజన్లు, సెక్షన్లుగా విభజించబడినది.

నగరపాలక సంస్థ: పెద్ద నగరపాలక సంస్థలలో కార్పొరేటరు ఎన్నికయ్యే వార్డును కూడా డివిజన్ అంటారు. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలో 2016 ఎన్నికల నాటికి 58 డివిజన్లుండగా, 2021 ఎన్నికల నాటికి 66 అయినవి. వర్ధన్నపేట 2018లో పురపాలక సంఘమైనది. పురపాలక సంఘాలలో వార్డు అను మాటే వాడుకలో ఉన్నది. కావున "మా డివిజన్" అని వరంగల్ నగరవాసి అన్నచో అది కొన్ని వీధులు. రైతు అన్నచో అది పలు మండలాలు.

జిల్లాల పునర్విభజన

2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, తెలంగాణలోని 10 జిల్లాలు 31గా పునర్విభజింపబడినవి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట జిల్లాలు చేరి మొత్తం 33 అయినవి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో 51 మండలాలుండేవి. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా 35 లక్షలు దాటినది. ఈ జిల్లా భూభాగం ప్రధానంగా వరంగల్ పట్టణ, వరంగల్ గ్రామీణ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలోనికి వెళ్ళినది. 2019లో భూపాలపల్లి నుండి ములుగు విడివడినది. మరొకవైపు కరీంనగర్ జిల్లాలోని ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు వరంగల్ పట్టణ జిల్లాలో చేరినవి. విభజన అనగా తీసివేయుట మాత్రమే గాక కలుపుట కూడా అని దీని వలన తెలియుచున్నది.

ఈ జిల్లాకు ఇది మొదటి విభజన కాదు. 1953లో వరంగల్ జిల్లా నుండి ఖమ్మం జిల్లా వేరుచేయబడినది.

వర్ధన్నపేట మండలంపై ప్రభావం

వర్ధన్నపేట వరంగల్ నుండి ఖమ్మం వెళ్ళు రహదారిపై ఉన్న పట్టణం. 2016 వరకు ఐనవోలు గ్రామం వర్ధన్నపేట మండలంలోనే ఉండేది. ఆ సంవత్సరం ఐనవోలు కేంద్రంగా కొత్త మండలం ఏర్పడి వరంగల్ పట్టణ జిల్లాలో చేరగా, వర్ధన్నపేట వరంగల్ గ్రామీణ జిల్లాలో ఉండిపోయినది. కాకతీయుల కాలం నాటి మల్లికార్జునస్వామి ఆలయానికి, సంక్రాంతి మొదలుకొని జరిగే జాతరకు ఐనవోలు ప్రసిద్ధి. ఐనవోలు మల్లన్న భక్తులకు దారి మారలేదు, బోనం మారలేదు. జాతర ఏర్పాట్లు చూచే జిల్లా యంత్రాంగం మాత్రం మారినది.

2021 ఆగష్టులో వరంగల్ పట్టణ జిల్లా పేరు హనుమకొండగాను, వరంగల్ గ్రామీణ జిల్లా పేరు వరంగల్‌గాను మార్చబడినవి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాలో చేరినవి. దీనితో "వరంగల్ జిల్లా" అను పేరు మూడు వేర్వేరు భూభాగాలను సూచించు స్థితి ఏర్పడినది.

2016కు ముందు: 51 మండలాల ఉమ్మడి జిల్లా.
2016 నుండి 2021 వరకు: పట్టణ, గ్రామీణ అను విశేషణాలతో రెండు జిల్లాలు.
2021 తర్వాత: 13 మండలాల జిల్లా. వరంగల్ కోట ఇందులో ఉండగా, వేయిస్తంభాల గుడి హనుమకొండ జిల్లాలో ఉన్నది.

అందువలన గణాంకాలను పోల్చునపుడు ఏ సంవత్సరపు వరంగల్ జిల్లాయో చూచుకొనుట అవసరము. 2011 జనాభా లెక్కలలోని జిల్లా పట్టికలు ఉమ్మడి జిల్లాకు సంబంధించినవి.

వాహనాల సంఖ్యా ఫలకాలు ఈ మార్పులకు బహిరంగ సాక్ష్యాలు. ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లా సంకేతం ఏపీ 36. 2014 తర్వాత అది టీఎస్ 03 అయినది. 2016లో వరంగల్ గ్రామీణ జిల్లాకు టీఎస్ 24 కేటాయించబడినది. 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు టీఎస్ బదులు టీజీ అమలులోకి వచ్చినది. పదేళ్ళలో మూడుసార్లు వాహనం కొన్న వర్ధన్నపేట వాసి ఊరు కదలకుండానే మూడు వేర్వేరు సంకేతాలు పొందగలడు.

ఉద్యోగుల విభజన

జిల్లా హద్దు మారినచో ఉద్యోగాలలో "స్థానికత" కూడా మారును. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో జిల్లా, జోనల్, బహుళ జోనల్ స్థాయి ఉద్యోగాలలో 95 శాతం స్థానికులకు కేటాయించబడినవి. ఉమ్మడి జిల్లాలో పనిచేయుచున్న ఉద్యోగులను, ఉపాధ్యాయులను కొత్త జిల్లాలకు పంచుటకు 2021 డిసెంబరు 6న ప్రభుత్వ ఉత్తర్వు 317 వెలువడినది. సీనియారిటీ ప్రాతిపదికన జరిగిన ఈ కేటాయింపులో పలువురు సొంత జిల్లాను వదలవలసి వచ్చినది. భార్యాభర్తలు వేర్వేరు జిల్లాలకు కేటాయించబడిన సందర్భాలుండుటచే ఆందోళనలు జరిగినవి. పటంపై గీసిన గీత కుటుంబంలో ఎడబాటుకు కారణమగుటకు ఇది ఇటీవలి ఉదాహరణ.

నియోజకవర్గాల పునర్విభజన

శాసనసభ, లోక్‌సభ నియోజకవర్గాల హద్దులను జనాభా ప్రకారం తిరిగి గీయుటను నియోజకవర్గాల పునర్విభజన అంటారు. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన 2002లో ఏర్పడిన కమిషను నిర్ణయాలు 2008లో అమలులోకి వచ్చి, 2009 ఎన్నికలు వాటి ప్రకారం జరిగినవి. అప్పటివరకు జనరల్ స్థానంగా ఉన్న వర్ధన్నపేట శాసనసభ నియోజకవర్గం అప్పటినుండి షెడ్యూల్డు కులాలకు కేటాయించబడినది. ఇది వరంగల్ లోక్‌సభ నియోజకవర్గంలో భాగము.

జిల్లాలు 2016లో మారినను నియోజకవర్గం హద్దులు మారలేదు. ఫలితంగా వర్ధన్నపేట, పర్వతగిరి మండలాలు వరంగల్ జిల్లాలోను, హసన్‌పర్తి, ఐనవోలు మండలాలు హనుమకొండ జిల్లాలోను ఉన్నను అందరికీ శాసనసభ్యుడు ఒక్కరే. వర్ధన్నపేటను ఆనుకొని ఉన్న రాయపర్తి మండలం ఇదే జిల్లాలో ఉన్నను శాసనసభకు పాలకుర్తి నియోజకవర్గం క్రిందికి వచ్చును.

రాష్ట్ర విభజన

తెలుగునాట గత కొన్ని దశాబ్దాలలో "విభజన" అను మాట వినగానే ముందుగా స్ఫురించేది 2014 నాటి ఆంధ్ర ప్రదేశ్ విభజన. దీనికి పూర్వం తెలుగు ప్రాంతాలు పలు మార్లు విడిపోయి, కలిసినవి.

1953 అక్టోబరు 1: మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్ర రాష్ట్రం వేరుపడినది.
1956 నవంబరు 1: హైదరాబాదు రాష్ట్రం మూడుగా విభజించబడినది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోను, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రంలోను చేరగా, తెలంగాణ ఆంధ్రతో కలిసి ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడినది.
1969: ప్రత్యేక తెలంగాణ ఉద్యమం.
1972-73: జై ఆంధ్ర ఉద్యమం.
2014 జూన్ 2: ఆంధ్ర ప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014 ప్రకారం తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది.

ఈ చట్టంలో ఆస్తులు, అప్పులు పంచుటకు పలు సందర్భాలలో జనాభా నిష్పత్తి ప్రాతిపదిక. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇది ఆంధ్ర ప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతము. హైదరాబాదు పదేళ్ళు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉండునని చట్టం పేర్కొనగా, ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసినది. హైకోర్టు 2019 జనవరి 1న రెండుగా ఏర్పడినది. తొమ్మిదవ, పదవ షెడ్యూళ్ళలోని సంస్థల పంపకం రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ళ తరబడి వివాదాంశమైనది.

పదాల ఎంపికలోనూ విభజన కనిపించును. ఆంధ్ర ప్రాంతంలో 2014 నాటి పరిణామాన్ని "రాష్ట్ర విభజన" అని ఎక్కువగా వ్యవహరించగా, తెలంగాణలో "రాష్ట్ర ఏర్పాటు", "రాష్ట్ర అవతరణ", "రాష్ట్ర సాధన" అను మాటలు వాడుకలో ఉన్నవి. ఉద్యమకాలంలో "వేర్పాటువాదం" అను మాటను ఉద్యమకారులు అంగీకరించక "ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం" అన్నారు. పోగొట్టుకొన్నామని భావించినవారికి అది విభజన. పొందినామని భావించినవారికి అది అవతరణ. తటస్థంగా వ్రాయువారు చట్టంలోని "పునర్విభజన" లేక "పునర్వ్యవస్థీకరణ" అను మాటను ఎంచుకొనుట కలదు.

1947 నాటి భారతదేశ విభజనకు ఆంగ్లంలో డివిజన్ అనక పార్టిషన్ అంటారు. రాష్ట్ర విభజనకు బైఫర్కేషన్ అను మాట వాడతారు. తెలుగులో మూడింటికీ విభజన అను ఒకే పదం చెల్లుచున్నది.

చట్టసభలలో డివిజన్

సభలో ఒక ప్రతిపాదనపై ముందుగా మూజువాణి ఓటు తీసుకొంటారు. ఆ నిర్ణయాన్ని సభ్యులు సవాలు చేసినచో ఓట్లను లెక్కించవలసి ఉండును. ఇట్లు లెక్కించుటను డివిజన్ అంటారు. బ్రిటిష్ పార్లమెంటులో అనుకూలురు, వ్యతిరేకులు వేర్వేరు వసారాలలోనికి నడిచి వెళ్ళుట వలన ఈ పేరు వచ్చినది. భారత పార్లమెంటులో దీనికి విద్యుత్ యంత్రాలు వాడుచున్నారు.

2014 జనవరి 30న ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించు తీర్మానాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించినది. అదే బిల్లును ఫిబ్రవరి 18న లోక్‌సభ, ఫిబ్రవరి 20న రాజ్యసభ గందరగోళం మధ్య మూజువాణి ఓటుతోనే ఆమోదించినవి.

ఆస్తి విభజన

హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిని వాటాదారులు పంచుకొనుటను ఆస్తి విభజన లేక భాగపంపిణీ అంటారు. తెలుగు ప్రాంతాలలో మితాక్షర సంప్రదాయం అమలులో ఉండెను. దాని ప్రకారం కుమారునికి పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు కలుగును. కుమార్తెకు ఆ హక్కు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం కూడా ఈ పరిస్థితిని పూర్తిగా మార్చలేదు.

1986లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఈ చట్టానికి సవరణ చేసి, కుమార్తెలకు కుమారులతో సమానంగా పుట్టుకతో హక్కు కల్పించినది. సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. అయితే ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలకు ఇది వర్తించలేదు. ఒకే తల్లి బిడ్డలైన అక్కాచెల్లెళ్ళలో పెండ్లి తేదీని బట్టి ఒకరికి వాటా ఉండి, మరొకరికి లేకపోవుట అప్పటి వింత పరిస్థితి. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ వివాహంతో నిమిత్తం లేకుండా కుమార్తెలందరికీ సమాన హక్కు ఇచ్చినది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండవలసిన అవసరం లేదని 2020 ఆగష్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన దస్తావేజు ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన విభజనలు మాత్రం తిరగదోడబడవు.

విధానము

విభజన మూడు మార్గాలలో జరుగును.

పరస్పర అంగీకారం: పెద్దమనుషుల సమక్షంలో వాటాలు వేసుకొని దస్తావేజు వ్రాసుకొంటారు. స్థిరాస్తిని పంచుచు వ్రాసిన దస్తావేజును రిజిస్టరు చేయించవలెను. నోటిమాటగా పంచుకొన్నను విభజన చెల్లును గాని, తర్వాతి తరంలో ఋజువు చేయుట కష్టము.

కోర్టు ద్వారా: అంగీకారం కుదరనప్పుడు వాటాదారు దావా వేయవచ్చును. కోర్టు ముందుగా ఎవరి వాటా ఎంతో ప్రాథమిక డిక్రీలో తేల్చి, తర్వాత హద్దులతో సహా పంచుచు తుది డిక్రీ ఇచ్చును. పంచుటకు వీలులేని ఆస్తిని అమ్మి సొమ్ము పంచుటకు 1893 పార్టిషన్ చట్టం అవకాశమిచ్చుచున్నది.

రెవెన్యూ దస్త్రాలలో: తెలంగాణలో 2020 అక్టోబరు నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయంలోను, వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషను సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోను జరుగుచున్నది. మొదట ఇందుకు ధరణి పోర్టల్ ఉండగా, 2025 ఏప్రిల్ నుండి భూభారతి దాని స్థానంలో వచ్చినది. కొత్త చట్టంలో తహసీల్దారు నిర్ణయంపై రెవెన్యూ డివిజనల్ అధికారికి అప్పీలు చేసుకొను వీలున్నది.

సర్వే సబ్ డివిజన్

కాగితంపై వాటాలు తేలినంత మాత్రాన నేలపై హద్దులు తేలవు. సర్వే నంబరును కొలిచి ఉపసంఖ్యలుగా విడగొట్టుటను సబ్ డివిజన్ అంటారు. తెలంగాణలో దీనిని "పోడి" అని కూడా వ్యవహరిస్తారు. ఇక్కడ సర్వే నంబరుకు అ, ఆ, ఇ అను అక్షరాలు, వాటి క్రింద అంకెలు చేర్చుట ఆనవాయితీ. ఉదాహరణకు 125/అ/2 అనగా 125వ నంబరులోని మొదటి భాగంలో రెండవ ముక్క. తరాలు గడచినకొలది నంబరు పొడవగును, చేను చిన్నదగును. పోడి జరగకుండా పట్టాదారు పుస్తకాలలో మాత్రమే వాటాలు నమోదైనచో బావి, బాట, గట్టు ఎవరివో తేలక తగాదాలు వచ్చుట సాధారణము. అందుచే వాటా దస్తావేజులో విస్తీర్ణంతో పాటు నాలుగు దిక్కుల హద్దులు, నీటి వంతు, నడక దారి వ్రాసుకొనుట మేలు.

వైవాహిక వేర్పాటు

దంపతులు విడిగా ఉండుటకు డివిజన్ అను పదం వాడరు, సెపరేషన్ అంటారు. 1955 హిందూ వివాహ చట్టం 10వ సెక్షను ప్రకారం కోర్టు న్యాయిక వేర్పాటును మంజూరు చేయవచ్చును. వేర్పాటులో వివాహ బంధం కొనసాగును. విడాకులలో అది తెగిపోవును. పరస్పర అంగీకారంతో విడాకులు కోరుటకు 1976లో చేర్చిన సెక్షను ప్రకారం దంపతులు కనీసం ఒక సంవత్సరం విడిగా ఉండి ఉండవలెను.

సైన్యము

సైన్యంలో డివిజన్ అనగా పలు బ్రిగేడ్లు కలిసిన పెద్ద దళము. దీనికి మేజర్ జనరల్ అధిపతి. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానంపై మొదలైన సైనిక చర్యలో మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వాన ఒకటవ సాయుధ డివిజన్ సోలాపూర్ వైపు నుండి ముందుకు వచ్చినది. ఐదు రోజులలో ముగిసిన ఈ చర్యతో వరంగల్ సహా సంస్థానమంతయు భారతదేశంలో కలిసినది.

విద్య, క్రీడలు

పరీక్షలలో మార్కుల శాతాన్ని బట్టి ఇచ్చు శ్రేణిని కూడా డివిజన్ అంటారు. సాధారణంగా 60 శాతం, ఆపై మార్కులకు ప్రథమ శ్రేణి, 50 నుండి 60 లోపు ద్వితీయ శ్రేణి, అంతకు తక్కువగా ఉత్తీర్ణులైనవారికి తృతీయ శ్రేణి ఇచ్చేవారు. క్రీడలలో జట్లను స్థాయిని బట్టి ఏ డివిజన్, బి డివిజన్ అని విడదీసి లీగ్ పోటీలు నిర్వహిస్తారు.

శ్రమ విభజన

ఒక పనిని చిన్న పనులుగా విడగొట్టి వేర్వేరు వ్యక్తులకు అప్పగించుటను శ్రమ విభజన అంటారు. 1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల తయారీని ఉదాహరణగా తీసుకొని, పనిని దాదాపు 18 దశలుగా విడదీసినచో పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరని వివరించాడు. కులవ్యవస్థను శ్రమ విభజనగా సమర్థించు వాదనను 1936లో డా. బి.ఆర్. అంబేద్కర్ ఖండించాడు. అది పనిని మాత్రమే గాక పనివారినే హెచ్చుతగ్గుల వరుసలో విడదీయునని, ఎవరు ఏ పని చేయవలెనో పుట్టుకతోనే నిర్ణయించునని ఆయన వాదించాడు.

వాడుకలో గమనించదగిన విషయాలు

దరఖాస్తులలో "డివిజన్" అని అడిగినచో అది ఏ శాఖకు చెందిన డివిజనో చూచి నింపవలెను. వర్ధన్నపేట వాసి రెవెన్యూ దరఖాస్తులో "వరంగల్" అని, పోలీసు ఫిర్యాదులో "వర్ధన్నపేట" అని వ్రాయుట రెండూ సరియైనవే.

2016కు ముందు నాటి జనన, విద్యా, భూమి పత్రాలలోని జిల్లా, మండలం పేర్లు ఇప్పటి పేర్లతో కలియకపోవచ్చును. ఐనవోలు వారి పాత పత్రాలలో "వర్ధన్నపేట మండలం, వరంగల్ జిల్లా" అని ఉండుట పొరపాటు కాదు.

"విభాగము" అను మాట శాఖకు, సెక్షనుకు కూడా వాడబడుచున్నందున పరిపాలనా సందర్భంలో "డివిజన్" అని వ్రాయుటే స్పష్టము.

ఇవి కూడా చూడండి

వర్ధన్నపేట
వర్ధన్నపేట శాసనసభ నియోజకవర్గం
ఐనవోలు
వరంగల్ జిల్లా
హనుమకొండ జిల్లా
రెవెన్యూ డివిజన్
ఆంధ్ర ప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014
భాగహారం
కణ విభజన